బిరడా

బాహుదా మొగ పక్కన, సోనాపూర్ రేవులో
సర్కారు పోసిన సిమెంటు వాలు
సముద్రం దాకా రాదు.
మొన్నటి తుఫానుకి చివరి మూడు బారలూ విరిగి
ఇసకలో కూరుకుపోయాయి.
పోటు మీద ఏమీ కనపడదు.
పాటుకి మాత్రం పళ్ళూడిన నోరులా తెరుచుకుంటుంది.

అందుకని నీళ్ళ కోసం కాస్తాం.
తెల్లారగట్ల అయిదు దాటింది.
సముద్రం రావాలో పోవాలో తేల్చుకోని ఆ కాసింత సేపు.
బడే లోకనాథం బీడీ ఆర్పి, మిగిలిన సగం చెవి మీద పెట్టాడు.
ట్రాక్టరు మీద కుబేర జెనా
ఇంజను ఆపకుండానే పళ్ళు తోముకుంటున్నాడు.

ట్రాలీ మాది. ఇచ్చాపురంలో వెల్డింగు చేయించాం,
చక్రాలు ఎవరిదో పాత జీపువి.
లారీ టైరు ముక్కల పరుపు మీద ఫైబరు బోటు.
దాని కుడి చెంప మీద పేరు ఒడియాలో,
ఎడమ చెంప మీద తెలుగులో.
తెలుగులో ఒక దీర్ఘం తక్కువ.
పెయింటరు బరంపురం వాడు.
మేమూ దిద్దలేదు,
చేపలేమైనా చదువుతాయా అని.

నా పని తాడు.
మోకాలు అరిగినప్పట్నుంచీ బోటెక్కనివ్వరు.
బోటు తోకకి కట్టిన తాడు పట్టుకుని
బిగించడం, బిగించడం, బిగించడం,
ఆఖర్న ఒక్కసారి ఒగ్గేయడం.
దానికే నాకూ ఒక వాటా. అర వాటా.

ట్రాక్టరు వెనక్కి నడుస్తుంది.
"ఆవు టికే, ఆవు టికే" అని నేను ఒడియాలో అరుస్తాను,
"సాలా మావా?" అని కుబేర తెలుగులో అడుగుతాడు.
ఇరవయ్యేళ్ళుగా ఇంతే,
ఎవడి మాట వాడి దగ్గర ఉండదు.

విరిగిన అంచు మీద చక్రం ఎక్కి దిగింది.
బోటు ఒళ్ళంతా ఒకసారి గుండె జారినట్టు ఊగింది.
నీళ్ళు ఇరుసు దాటాయి.
ట్రాలీ మీంచి బరువు మెల్లగా లేస్తోంది,
చంకనున్న పిల్ల తనంతట తనే దిగాలనుకున్నట్టు.
ఒక పెద్ద కెరటం. రెండోది. మూడోది ఇంకా పెద్దది.
ఆ వెనక నున్నగా ఒక సందు.

"ఒగ్గు!"

ఒగ్గాను.
తాడు అరచేతిలోంచి చురుక్కున జారింది.
తాతారావు మోటారు లాగాడు, రెండో లాగుడుకి అంది.
నురగ దాటి, తెల్లటి గీత దాటి
బోటు చిన్నదైపోయింది.

చేతులు తుడుచుకుందామని పంచె చెరుగు తీస్తే
ముడిలో గట్టిగా ఏదో తగిలింది.

బిరడా.

రాత్రి కడిగిన నీళ్ళు కారాలని తీసి
పోకుండా నేనే కట్టుకున్న బిరడా.
బొటనవేలంత రబ్బరు ముక్క.
బోటు తోకన, తాడు ముడికి జానెడు కింద,
ఇందాక నా కళ్ళెదుటే తెరుచుకుని ఉన్న బెజ్జం.

ఫోను చేశాను. మోగింది, మోగింది.
వాళ్ళ ఫోను ప్లాస్టిక్ సంచిలో, సంచి డబ్బాలో.
ఎత్తాక మొదట గాలి వినపడింది.
తర్వాత లోకనాథం నవ్వు.
"సూసేంలే. కుర్రోడు మడమెట్టి కూకున్నాడు.
లుంగీ సింపి గ్రీజుతో కుక్కుతున్నాం.
అది నీకాడే ఉంచు, ఇంటికాడ కుండకెట్టుకో."
ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదని
పాతికేళ్ళు అదే బోటులో తిరిగినవాడికి తెలుస్తుంది.

వెనక్కి రమ్మనలేను.
బెజ్జంతో కెరటాలు ఒకసారి దాటడం ఒకెత్తు,
రెండుసార్లు దాటడం ఇంకొకెత్తు.

కుబేర చక్రాలు మంచినీళ్ళతో కడిగాడు,
ఉప్పు తినేస్తుందని, రోజూలాగే.
వేరే బోటు వాళ్ళు పిలుస్తున్నా పోలేదు.
"టికే రొహిబా" అని నా పక్కన ఇసకలో కూలబడ్డాడు.
పోటు పెరిగి విరిగిన సిమెంటుని మూసేసింది.
చూసినవాళ్ళెవరైనా
రేవు బాగానే ఉందనుకుంటారు.

మధ్యాహ్నం దాటాక వచ్చారు.
సగం వల, సగం నీళ్ళు.
తాతారావు మడమ నానిపోయి తెల్లగా ఉంది.
లోకనాథం దిగి నా ముందు చెయ్యి చాచాడు.
తాడు అందిస్తే తీసుకోలేదు.
ముడి విప్పి బిరడా పెట్టాను.
తిట్టలేదు.
దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
చెవి మీద బీడీ ఉందేమోనని తడుముకున్నాడు.

ట్రాలీ వాలెక్కుతుంటే
గ్రీజు గుడ్డ ఊడి, తోకలోంచి నీళ్ళు ధారకట్టాయి.
ఆ ధారలో ఒక రొయ్యపిల్ల పడి
సిమెంటు మీద ఎగిరింది.
కుబేర బ్రేకు వేసి, దిగి,
దాన్ని ఎత్తి నీళ్ళలో విసిరాడు.